అప్‌డేట్: పిల్లలకు పెంతెకొస్తు అర్థం ఇలా చెప్పాం

పెంతెకొస్తు అంటే యేసు శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ, అంటే దేవుని ఆత్మ, దిగివచ్చిన రోజును గుర్తుచేసుకునే క్రైస్తవ పండుగ. కంటికి కనిపించని ఆ పరిశుద్ధాత్మ గురించి ఆరేళ్ల బాబుకు, తొమ్మిదేళ్ల పాపకు ఎలా చెప్పాలని ఈస్టరుకు ముందు మిమ్మల్ని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ మనసారా కృతజ్ఞతలు.

ఒకరు చెప్పినట్టే ఈస్టర్ ఆదివారం నుంచి రోజుకొక పూస దారానికి గుచ్చుతూ వచ్చాం. 50వ పూస సరిగ్గా పండుగ నాడే పడింది. పెంతెకొస్తు అంటే గ్రీకులో ‘యాభయ్యవది’ అని చెప్పగానే పాప కళ్లు మెరిశాయి.

బైబిల్లో ఆ రోజు సంగతి చెప్పే అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చదువుతుంటే, శిష్యుల మీద అగ్నినాలుకలు వాలిన చోట బాబు భయపడ్డాడు. ‘తల కాలిపోదా?’ అన్నాడు. బైబిల్లోనే మోషే ప్రవక్త చూసిన మండే పొదను గుర్తుచేశాను. అది మండింది గాని కాలిపోలేదు. అప్పటికి కుదుటపడ్డాడు. తర్వాత అరచేయి నోటి ముందు పెట్టుకుని ఊదమన్నాను. ఏమీ కనిపించలేదు, వెచ్చగా మాత్రం తగిలింది. హీబ్రూలోనూ గ్రీకులోనూ ఊపిరికి, ఆత్మకు ఒకే మాట ఉందన్నాను. వాడు చాలాసేపు ఊదుకుంటూనే ఉన్నాడు.

పావురం బొమ్మకు రంగులు వేయించడం మాత్రం కుదరలేదు. ఆత్మ పావురంలా దిగివచ్చింది యేసు బాప్తిస్మం పొందినప్పుడు కదా, పిల్లలు రెండూ కలిపేసుకున్నారు.

రాత్రి పడుకునే ముందు పాప అడిగింది: ‘ఆ రోజు శిష్యులు మాట్లాడింది అక్కడున్న అందరికీ వాళ్ల వాళ్ల భాషలోనే వినిపించిందంటే, దేవుడికి అన్ని భాషలూ వచ్చా?’ వచ్చన్నాను. మర్నాటి నుంచి ప్రార్థన తన సొంత మాటల్లో చేసుకుంటోంది.