ప్రింట్ డిజైన్ టైల్స్ కలిసే చోట తెల్ల గీత పోవడం లేదు, సాయం చేయండి

నెల్లూరు దుపట్టా:
రాత్రి పదకొండుకు కూర్చున్నాను, ఇప్పుడు తెల్లవారుజాము నాలుగు. దుపట్టా ప్రింట్‌కు కంప్యూటర్లో ఒక టైల్, అంటే మళ్లీ మళ్లీ పేర్చే చదరపు ముక్క, చేసి అందులో మామిడి పిందెలు, ఆకుల తీగ గీశాను. టైల్స్ పక్కపక్కన పేరిస్తే కలిసే ప్రతిచోటా వెంట్రుకంత తెల్ల గీత. దగ్గరికి జరిపితే ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. వీడియోల్లో చెప్పినవన్నీ చేశాను. సోమవారం ప్రింటింగ్ వాళ్లకు ఫైల్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు డీటీపీ:
ఏ సాఫ్ట్‌వేర్? టైల్ కొలత ఎంత? గీత స్క్రీన్ మీదా, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లోనా?

పాటూరు మగ్గం:
అమ్మా, గీత సంగతి తర్వాత. ముందు బుటాలు, అంటే నీ పిందెలు, ఎలా పేర్చావో చూసుకో. పిందెలన్నీ తిన్నగా ఒకే వరుసలో ఉంటే బట్ట కట్టినప్పుడు అడ్డచారలు పడ్డట్టు కనిపిస్తుంది. ఒక నిలువు వరుస పక్కది సగం కిందికి దిగాలి. వెంకటగిరి జాందానీ నేతలో బుటాను అదనపు పేకతో (అడ్డపోగుతో) చేత్తో నేస్తారు, నిలువు పడుగు పోగులు లెక్కపెట్టి మరీ. మాకు గ్రాఫ్ కాగితం మీద గడి లెక్కే కొలత. గడి తప్పితే బుటా తప్పుతుంది. కంప్యూటర్లో గీసేవాళ్లు ఈ లెక్క వదిలేసి కంటితో జరుపుతున్నారు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

కావలి వెక్టర్:
పెద్దాయన చెప్పింది బ్రిక్ రిపీట్. ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో ప్యాటర్న్ ఆప్షన్స్‌లో టైల్ టైప్ మారిస్తే చాలు. సీఎస్6 వెర్షన్ నుంచీ ఉంది.

పాటూరు మగ్గం:
బ్రిక్ అంటే గోడలో ఇటుకల్లా అడ్డవరుస పక్కకు జరగడం. నేను చెప్పింది నిలువు వరుస కిందికి దిగడం. దాన్ని హాఫ్ డ్రాప్ అంటారు. రెండూ ఒకటి కాదు బాబూ.

కావలి వెక్టర్:
అందులో బ్రిక్ బై రో, బ్రిక్ బై కాలమ్ అని రెండున్నాయి సార్. మీరు చెప్పే హాఫ్ డ్రాప్ రెండోదే. పేరు వేరు, పని ఒకటే.

పాటూరు మగ్గం:
పేరు వేరైతే నేర్చుకునే పిల్లలు తప్పు బటన్ నొక్కుతారు. అందుకే పట్టుబడుతున్నాను.

నెల్లూరు దుపట్టా:
సారీ, నిద్రపోయాను. ఇంక్‌స్కేప్ 1.2. టైల్ 60 మి.మీ. చదరం, 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) పీఎన్‌జీ బొమ్మగా తీశాను. గీత ఆ పీఎన్‌జీలు పేర్చినప్పుడే వస్తోంది.

ఒంగోలు డీటీపీ:
దొరికింది. 60 మి.మీ. అంటే 300 డీపీఐలో 708.66 పిక్సెళ్లు. ముక్క పిక్సెల్ అంటూ ఉండదు కాబట్టి అంచు వరుసకు రంగు పూర్తిగా పడదు, కాస్త పారదర్శకంగా మిగులుతుంది. అదే మీ తెల్ల గీత. టైల్‌ను 50.8 మి.మీ. చేయండి, సరిగ్గా రెండంగుళాలు, 600 పిక్సెళ్లు. పేజీ సైజు కూడా అంతే పెట్టి పేజీనే ఎక్స్‌పోర్ట్ చేయండి. నేపథ్యం రంగు పెట్టె అంచు దాటి నాలుగు వైపులా కొద్దిగా బయటికి ఉండాలి. ఆ పెట్టెకు స్ట్రోక్ (అంచు గీత) ఉంటే తీసేయండి.

అంచు దాటిన ఆకును చేత్తో జరపొద్దు, దాటిన ముక్క ఎదుటి అంచున సరిగ్గా రావాలి. డూప్లికేట్ చేసి, ట్రాన్స్‌ఫార్మ్‌లో మూవ్ తెరిచి, రిలేటివ్ టిక్ పెట్టి, అడ్డంగా 50.8 కొట్టండి. ఎడమ అంచు దాటితే ప్లస్, కుడి అంచు దాటితే మైనస్. పైనా కిందా అంచులకు కూడా ఇదే లెక్క. ఆకును తర్వాత కొంచెం కదిలించినా దాని జతను కూడా అంతే కదిలించాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

కావలి వెక్టర్:
హాఫ్ డ్రాప్ కావాలంటే టైల్ వెడల్పు రెట్టింపు చేసి, రెండు వరుసలు పెట్టి, రెండోదాన్ని టైల్ ఎత్తులో సగం దించండి. పైన చెప్పిన మూవ్‌లో అడ్డానికి అప్పుడు 101.6 వస్తుంది, నిలువుకు 50.8 అలాగే. ఇప్పుడు మామూలు గ్రిడ్‌లో పేర్చినా కుదురుతుంది.

పాటూరు మగ్గం:
ఇది సరైన మాట.

నెల్లూరు దుపట్టా:
50.8తో గీత పోయింది. థాంక్స్ అన్నా. హాఫ్ డ్రాప్ ఈసారి చేస్తా, ఇప్పుడు టైమ్ లేదు. కొంగు దగ్గర బోర్డర్ మూల తిరిగే చోట తీగ తెగిపోతోంది, దానికేం చేయాలి?

పాటూరు మగ్గం:
మూలకు వేరే డిజైన్ గీయాలమ్మా. తీగను వంచితే కుదరదు. నీ బోర్డర్ ఎన్ని అంగుళాలు?