‘టాక్సిక్’ పాటలో బాలు గారు ఉన్నారా, లేరా? క్విజ్ పాయింటు ఎవరికి?

ఓరుగల్లు క్యాసెట్:
మొన్న హన్మకొండలో మా కాలనీ వినాయక మండపం దగ్గర పాటల క్విజ్ పెట్టాం. 2000 తర్వాత వచ్చిన పాప్ వీడియోల రౌండులో ఒక ప్రశ్న: 2004లో వచ్చిన బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’ వెనక ఉన్న తెలుగు గాయకుడు ఎవరు? ఒక టీం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అంది, క్విజ్ మాస్టర్ వెంటనే పాయింటు ఇచ్చేశాడు. రెండో టీం వాళ్లు లేచి, అందులో బాలు గొంతే లేదు, చెప్పాల్సింది ఆ ట్యూన్ ఉన్న హిందీ పాటకు సంగీతం కట్టిన జంట లక్ష్మీకాంత్ ప్యారేలాల్ పేరు అన్నారు. గెలుపు తేలింది సరిగ్గా ఆ ఒక్క పాయింటు మీదే, అందుకని లొల్లి ఇంకా ఆగలేదు. నా మట్టుకు ఆ పాయింటు రద్దు చేయాలి. మీరేమంటారు?

భద్రకాళి బండ్:
ఎందుకు రద్దు చేయాలి? ఆ ట్యూన్ తీసుకున్నది 1981లో వచ్చిన ‘ఏక్ దూజే కే లియే’లోని ‘తేరే మేరే బీచ్ మే’ నుంచి. పాడింది లతా మంగేష్కర్, మన బాలు గారు. ఆ పాటకే ఆయనకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. సినిమా కూడా మన ‘మరో చరిత్ర’నే బాలచందర్ గారు మళ్లీ హిందీలో తీసింది. తెలుగువాళ్లం కూర్చుని ఆడుకునే క్విజ్‌లో తెలుగు గాయకుడి పేరు చెప్తే తప్పెలా అవుతుంది?

కాజీపేట ప్యాసింజర్:
అక్కా, బాలు గారంటే నాకూ ప్రాణం. కానీ రెండు పాటలూ పక్కపక్కన పెట్టి ఒకసారి వినండి. ‘టాక్సిక్’లో పదే పదే కోసినట్టు వచ్చే ఆ సన్నటి వయొలిన్లు ఉన్నాయి కదా, హిందీ పాట నుంచి తీసుకున్నది అవే. వేగం పెంచి, శ్రుతి పెంచి వాడారు. లతా గారి మాట ఒక్కటి లేదు, బాలు గారి మాట ఒక్కటి లేదు. ఆ ముక్కను పట్టుకుని పాట కట్టింది స్వీడన్‌కు చెందిన బ్లడ్‌షై అండ్ అవాంట్ అనే ఇద్దరు, వాళ్లతో కలిసి రాసినవాళ్లలో ఇంగ్లండ్ గాయని కేథీ డెన్నిస్ ఉంది. 2005లో దానికి డాన్స్ రికార్డింగ్ విభాగంలో గ్రామీ కూడా వచ్చింది.

మరి ఆ వయొలిన్లు ఎవరివి? ప్యారేలాల్ గారు స్వయంగా వయొలిన్ వాయించే మనిషి, బొంబాయిలో ఆంథనీ గోన్సాల్వెస్ అనే గోవా సంగీతకారుడి దగ్గర నేర్చుకున్నారు. 1977లో ‘అమర్ అక్బర్ ఆంథనీ’లో అమితాబ్ పాటలో వినిపించే పేరు ఆ గురువుగారిదే. అప్పటి హిందీ రికార్డింగుల్లో వయొలిన్ వాళ్లు వరసలు వరసలుగా కూర్చుని వాయించేవాళ్లు, వాళ్ల పేర్లు ఏ క్యాసెట్ కవరు మీదా ఉండేవి కావు. ప్రపంచమంతా విన్న ఆ ముక్క వాళ్ల చేతుల్లోంచి వచ్చింది. మనవాడు అన్న సంబరంలో వాళ్లకు దక్కాల్సిన ఆ కాస్త పేరు కూడా తీసుకెళ్లి గాయకుడికి ఇచ్చేస్తే ఎట్లా? నాకు బాధ అక్కడే. బాలు గారికి కొత్తగా కీర్తి తెచ్చిపెట్టాల్సిన అవసరం లేదు, ఆయనకు ఉన్నదే కొండంత.

ఇంకో మాట. అది వీడియోల రౌండు అయితే వీడియో గురించే అడగాలి. డైరెక్టర్ జోసెఫ్ కాన్, విమానంలో ఎయిర్ హోస్టెస్ వేషం, ఒంటి మీద వజ్రాలు అంటించినట్టుండే డ్రెస్సు, 2004లో సూపర్ బౌల్ అనే అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్‌లో గాయని జానెట్ జాక్సన్ డ్రెస్సు జారిన గొడవ తర్వాత అమెరికాలో ఎంటీవీ ఆ వీడియోను అర్ధరాత్రి స్లాటుకు మార్చడం... ఇన్ని ఉన్నాయి అడగడానికి.

నయీంనగర్ నెట్ సెంటర్:
ప్యాసింజర్ అన్నదే నా మాట కూడా. గొంతు వాడుకున్న పాట కావాలంటే అమెరికా గాయని ట్రూత్ హర్ట్స్ ‘అడిక్టివ్’ ఉంది కదా. 2002, అంటే మన వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీ నిట్‌గా మారిన ఏడాది. హాస్టల్ టీవీ రూములో ఆ పాట వస్తే అందరం ఆగిపోయేవాళ్లం, ఎందుకంటే ఆ ఇంగ్లీషు పాట పొడుగునా లతా గారి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. అది 1981 నాటి ‘జ్యోతి’ సినిమాలోని ‘థోడా రేషమ్ లగ్తా హై’, సంగీతం బప్పీ లహరి. వాడుకునే ముందు బప్పీని అడగలేదు, ఆయన పేరు వేయలేదు. విషయం కోర్టుకెళ్లింది, బప్పీ పేరు వేయకుండా ఆల్బం అమ్మొద్దని 2003లో అమెరికా కోర్టు చెప్పింది. అదే పాటను మళ్లీ మనవాళ్లు ‘కలియోం కా చమన్’ అని రీమిక్స్ చేసి వీడియో తీస్తే పాన్ షాపుల దగ్గర కూడా అదే మోగింది. అక్కడ లతా గారి పేరు చెప్తే నేనే లేచి పాయింటు ఇస్తా. ‘టాక్సిక్’ సంగతి వేరు.

కరీంనగర్ 2003:
మీరిద్దరూ క్విజ్‌ను కోర్టు చేస్తున్నారు. మామూలుగా జనం పాటను ఎట్లా గుర్తుపడతారు? పాడినవాళ్ల పేరుతోనే. బ్రిటన్ కళాకారుడు పంజాబీ ఎంసీ పాట ‘ముండియాం తో బచ్ కే’లో ‘నైట్ రైడర్’ అనే అమెరికా టీవీ సీరియల్ మ్యూజిక్ ఉందని అందరికీ తెలుసు, దాన్ని వాయించింది ఎవరని ఏ క్విజ్‌లోనూ అడగరు. ప్రశ్నలో ‘వెనక ఉన్న’ అనే ఉంది కదా, గొంతు వినిపిస్తుందని లేదు. వెనక ఉన్న పాట బాలు గారిదే. ఆ టీంకు పాయింటు న్యాయమే.

కాజీపేట ప్యాసింజర్:
తమ్ముడూ, వెనక ఉన్నది పాట, సరే. ఆ పాటలో బాలు గారు పాడని చోటును కోసి తీసుకున్నారు. రేపు ఎవరైనా ఒక పాటలోంచి నాదస్వరం బిట్ తీసుకుంటే అప్పుడు కూడా గాయకుడి పేరే చెప్పిస్తావా? ‘నైట్ రైడర్’ ఉదాహరణ నా వైపే వస్తుంది, అక్కడ సీరియల్ మ్యూజిక్ అని సరిగ్గా చెప్తున్నారు, సీరియల్ హీరో పేరు చెప్పట్లేదు.

భద్రకాళి బండ్:
హీరోతో గాయకుడిని పోల్చడం సరికాదు. బాలు గారి అవార్డు పాట కాకపోతే ఆ వయొలిన్ ముక్క స్వీడన్ వాళ్ల చెవిన పడేదా? నా మాట మీద నేనున్నాను.

నయీంనగర్ నెట్ సెంటర్:
అవార్డు చూసి ఎవరూ శాంపిల్ తీయరు అక్కా. చెవికి నచ్చిన ముక్క తీస్తారు. ‘జ్యోతి’ పాటకు ఏ జాతీయ అవార్డూ రాలేదు, అయినా తీశారు కదా.

ఓరుగల్లు క్యాసెట్:
క్విజ్ మాస్టర్‌తో మాట్లాడాను. ఆ పాయింటు పక్కన పెట్టి రెండు టీంలకూ మళ్లీ ఒకే ప్రశ్న వేద్దామన్నాడు. నేను రాసిచ్చింది ఇది: ‘టాక్సిక్’లో వినిపించే వయొలిన్ ముక్క ఏ హిందీ పాటలోది, ఆ పాటకు సంగీతం ఎవరు? జవాబు ఇక్కడే ఉంది కాబట్టి ఆ రెండు టీంల వాళ్లకు ఈ లింకు పంపకండి.