మక్రాన్ ఎడారిలో తుపాకుల బిడారులు: రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

1909–1914 మధ్య పర్షియన్ గల్ఫ్‌లో తుపాకుల దొంగరవాణాను బ్రిటిష్‌వాళ్లు అడ్డుకున్న తీరు మీద వ్యాసం రాస్తున్నాను. మస్కట్‌లో కొన్న రైఫిళ్లు పడవల్లో మక్రాన్ తీరం (నేటి ఇరాన్, పాకిస్తాన్‌ల దక్షిణ తీరం) చేరేవి. అక్కడి నుంచి అఫ్ఘన్ వ్యాపారుల ఒంటెల బిడారులు వాటిని ఎడారి దాటించేవి.

సముద్రం వైపు సమాచారం బాగానే దొరికింది. 1910 డిసెంబరులో బ్రిటిష్ యుద్ధనౌక హయసింత్ నావికులు ఆయుధాల కోసం దుబాయ్‌లో దిగినప్పుడు జరిగిన కాల్పులు, 1912లో మస్కట్ సుల్తాన్ తెరిచిన ఆయుధాల గిడ్డంగి, అన్నీ ఉన్నాయి. ఎడారి వైపే చిక్కు. రెండు వారాలుగా డిజిటైజ్ చేసిన ఇండియా ఆఫీస్ (భారత్ వ్యవహారాలు చూసిన లండన్‌లోని బ్రిటిష్ ప్రభుత్వ శాఖ) ఫైళ్లలో ‘మక్రాన్’, ‘మెక్రాన్’, ‘ఆర్మ్స్ ట్రాఫిక్’ అని స్పెల్లింగ్ మార్చి మార్చి వెతికాను. నాకు వచ్చినవన్నీ ఓడల నివేదికలే. ఆ బిడారులు లేకుండా ఈ కథ సగమే అవుతుంది.

ఇరాన్ తీరంలోని జాస్క్, చాబహార్ రేవుల వెనకున్న దారుల్లో బిడారులను పట్టుకున్న నివేదికలు ఏ ఫైల్ సిరీస్‌లో ఉంటాయో తెలిసినవారు చెప్పగలరా?