జుట్టు ఒక్కటే మిగిలితే అది గోపికేనా?

సత్యనారాయణపురం డ్రాయింగ్ టీచర్:
ఆదివారాలు మా ఇంట్లో పదిమంది పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. పోయిన వారం షాజియా సికందర్ పని చూపించాను. ఆవిడ 1969లో లాహోర్‌లో పుట్టింది. అక్కడి నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో పాత పద్ధతి మినియేచర్ (రాజుల కాలం నాటి సన్నపని బొమ్మలు) నేర్చుకుని, తర్వాత అమెరికా వెళ్ళింది. 2003లో ఆవిడ చేసిన 'స్పిన్' అనే యానిమేషన్‌లో మొగల్ దర్బారు నిండా గోపికలు చేరతారు. చూస్తుండగానే ఒళ్ళు మాయమై జుట్టు మాత్రం మిగులుతుంది. అది నల్ల పిట్టల గుంపులా గాల్లో తిరుగుతుంది.

క్లాసయ్యాక ఒక పిల్లాడి తండ్రి వచ్చి, "కృష్ణుడు లేడు, ముఖాలు లేవు. దీన్ని మినియేచర్ అంటారేంటి మేడమ్, కంప్యూటర్ గ్రాఫిక్స్ అనండి" అన్నారు. నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. మీరేమంటారు?

బ్రాడీపేట మాస్టారు:
నాది ఆ తండ్రి పక్షమే. మినియేచర్ అంటే చిన్న బొమ్మ అని కాదు, అదొక పద్ధతి. కాగితాలు పొరలు పొరలుగా అంటించి వస్లీ తయారుచేయాలి. దాన్ని రాయితో నున్నగా రుద్దాలి. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో చుక్క మీద చుక్క పెట్టి నీడ తేవాలి. కుదురుగా కూచోవడమే అందులో సగం విద్య. కదిలే బొమ్మకు ఆ పేరు తగిలిస్తే రేపు ఫోన్‌లో ఫిల్టర్ కొట్టినవాడూ మొగల్ చిత్రకారుడే అవుతాడు.

ఇంకో మాట. గోపికలంటే మనకు భక్తి. ఆ భక్తి పక్కనపెట్టి ఆకారం మాత్రం వాడుకుంటే, గుడి తలుపు ఊడదీసుకొచ్చి ఇంట్లో టీపాయ్ చేసుకున్నట్టుంది.

కృష్ణలంక కుర్రాడు:
టీపాయ్ మాట అదిరింది మాస్టారూ. మా అత్తయ్య వాళ్ళింట్లో అచ్చం అలాంటిదే ఉంది, ఆవిడకు మాత్రం ఈ లింకు పంపను.

పటమట పాఠకురాలు:
మాస్టారూ, సికందర్ ఆ కూచోవడం కూచున్నాకే ఇవన్నీ చేసిందండీ. 1989-90లో కాలేజీలో ఉండగా గీసిన 'ద స్క్రోల్' అడుగుకు పైగా ఎత్తు, అయిదడుగులకు పైగా పొడవు. గీసింది వస్లీ మీదే, రంగుల్లో టీ కూడా కలిసింది. ఒక ఇల్లు, గది తర్వాత గది. తెల్లబట్టల అమ్మాయి ఒకతే అన్ని గదుల్లోనూ తిరుగుతూ ఉంటుంది కానీ ముఖం కనపడనివ్వదు. చివర్లో చూస్తే ఈజిల్ ముందు నిలబడి తన బొమ్మ తనే గీసుకుంటోంది. ఆ రోజుల్లో అక్కడ మినియేచర్ అంటే టూరిస్టులకు అమ్ముకునే నకళ్ళ పని అని చిన్నచూపు.

ఇక పాత పద్ధతిలో కొత్తవి కలపకూడదంటారా? హుమాయూన్ పర్షియా నుంచి బొమ్మలు గీసే ఉస్తాదులను తెచ్చుకున్నాడు. అక్బరు చిత్రశాలలో వాళ్ళ పక్కన మన బసావన్, దస్వంత్ లాంటివాళ్ళు కూచున్నారు. యూరప్ నుంచి అచ్చు బొమ్మలు వస్తే వాటి నీడలూ పట్టేశారు. 1580లలో మహాభారతాన్ని ఫార్సీలోకి మార్పించి, రజ్మ్‌నామా పేరుతో బొమ్మలు వేయించింది ఆ చిత్రశాలలోనే. మొదట్నుంచీ కలగలుపే.

ముఖం లేకపోతే గోపిక కాదంటారా? కూచిపూడి భామాకలాపంలో సత్యభామ కనపడకముందే తెర మీంచి జడ పడుతుంది. ఆ జడ చూసి ఎవరని అడిగేవాడు ఉంటాడా?

బ్రాడీపేట మాస్టారు:
జడతో కొట్టావమ్మా. కానీ తెర తీశాక భామ వస్తుంది. ఇక్కడ జుట్టు పిట్టలై ఎగిరాక ఎవరొస్తారు? స్క్రోల్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్పిన్ విషయంలో తీసుకోను.

కొండపల్లి పొణికి:
మార్చొచ్చా మార్చకూడదా అని కొట్టుకుంటున్నారు. ఎవరు మార్చొచ్చో కూడా చెప్పండి. మాది తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసే పని. కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాం. ఒకసారి అంబారీ ఏనుగు మీద రాజును తీసేసి, స్కూల్ బ్యాగు తగిలించుకున్న ఆడపిల్లను కూచోబెట్టాను. మూడు రోజులు పట్టింది. బెజవాడలో ఒక షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఒరిజినల్ కాదయ్యా, దశావతారాలుంటే తీసుకురా" అని చేతిలో పెట్టేశాడు.

సికందర్ గారికి 2006లో మెకార్థర్ ఫెలోషిప్ అని అమెరికాలో ఇచ్చే పెద్ద గుర్తింపు వచ్చిందట, మంచిదే. నాకు ఆవిడ మీద ఏడుపేం లేదు. కాలేజీలో చదివినవాళ్ళు మారిస్తే ప్రయోగం, మేం మారిస్తే డూప్లికేటు. అదొక్కటే నాకు మింగుడుపడదు.

పటమట పాఠకురాలు:
దీనికి నా దగ్గర జవాబు లేదండీ. అక్బరు కాలంలో కనీసం బొమ్మ అంచున గీసినవాళ్ళ పేర్లు రాసేవాళ్ళు. గీత ఒకరిది, రంగు ఇంకొకరిది అయితే ఇద్దరి పేర్లూ ఉండేవి. మీ ఏనుగు అడుగున మీ పేరుంటుందా?

కొండపల్లి పొణికి:
షాపు స్టిక్కరుంటుంది.

సత్యనారాయణపురం డ్రాయింగ్ టీచర్:
ఆ తండ్రికి స్పిన్ కంటే ముందు స్క్రోల్ చూపించాల్సింది, అది నా పొరపాటే. ఈ ఆదివారం పిల్లల చేత ఒక్క జుట్టుముడి గీయిస్తాను, సన్న కుంచెతో. ఆయన్ని కూడా కూచోమంటాను.

కొండపల్లి గారూ, ఆ ఏనుగు ఇంకా మీ దగ్గరుందా? ఫోటో పెట్టండి.

కొండపల్లి పొణికి:
ఉందండీ, మా పాప ఆడుకుంటోంది. తొండం విరగ్గొట్టింది. మక్కు పెట్టి ఆరాక పెడతాను.