క్యూఎఫ్‌క్యూ వాడని సర్వర్‌కి కూడా ఆ కెర్నల్ ప్యాచ్ అవసరమా?

అలిపిరి_ల్యాబ్:
తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ సర్వర్ చూసుకుంటున్నాను. ఉబుంటు 22.04, మూడు బ్యాచ్‌ల పిల్లలకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే) లాగిన్లు ఉన్నాయి, సుడో (రూట్, అంటే అడ్మిన్ అధికారంతో కమాండ్ నడపడం) ఎవరికీ ఇవ్వలేదు. సెక్యూరిటీ స్కాన్ చేయిస్తే సీవీఈ-2023-31436 (బయటపడ్డ భద్రతా లోపాల జాబితాలో ఒక నంబర్) అని ఎర్రగా చూపిస్తోంది. కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) నెట్‌వర్క్ షెడ్యూలింగ్‌లో, అంటే ఏ ప్యాకెట్ ముందు పంపాలో తేల్చే చోట, క్యూఎఫ్‌క్యూ అనే పద్ధతిలో మెమరీ హద్దు దాటి రాయడం అంట. మేము ఆ షెడ్యూలింగ్‌ని సెట్ చేసే టీసీ కమాండే ముట్టుకోం, ఎల్‌ఎస్‌మాడ్ (లోడైన మాడ్యూళ్ళ జాబితా) కొడితే ఆ మాడ్యూల్ (కెర్నల్‌కి అవసరమైనప్పుడు జోడించే ముక్క) లోడ్ కూడా అయిలేదు. ఇంటర్నల్ పరీక్షలు నడుస్తున్నాయి కాబట్టి ఇప్పుడు రీబూట్ అంటే హెచ్‌వోడీ గారు ఒప్పుకోరు. లోడే కాని మాడ్యూల్‌తో ప్రమాదం ఏంటి? పైగా ప్యాకేజీలన్నీ అప్‌డేట్ అయ్యే ఉన్నాయి, మరి స్కానర్ ఎందుకు అరుస్తోంది?

చంద్రగిరి_కెర్నల్:
అన్నా, ముందు యూనేమ్ కొట్టి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూడండి. కొత్త కెర్నల్ ప్యాకేజీ డిస్క్ మీదకి వచ్చినా రీబూట్ అయ్యేదాకా నడిచేది పాతదే, స్కానర్ అరుపుకి చాలాసార్లు ఇదే కారణం.

ఇక అసలు సంగతి. క్యూఎఫ్‌క్యూ తన క్లాసుల్ని (ట్రాఫిక్ వాటాల్ని) వెయిట్‌నీ, అతి పెద్ద ప్యాకెట్ సైజునీ బట్టి 25 గ్రూపుల్లో ఒకదాంట్లో వేస్తుంది. ఆ సైజు మనం ఇవ్వకపోతే డివైస్ ఎంటీయూనే (ఒక్కసారి పంపగల అతి పెద్ద ప్యాకెట్ సైజు) తీసుకుంటుంది. మనం ఇచ్చిన సైజుకి హద్దులు చూసేవాళ్ళు, ఎంటీయూ నుంచి వచ్చినదానికి మాత్రం చూడలేదు. లూప్‌బ్యాక్‌కి (మెషీన్ తనతో తనే మాట్లాడుకునే నెట్‌వర్క్ డివైస్) ఎంటీయూ 200 కోట్లు దాటి కూడా పెట్టొచ్చు, అంత పెద్ద అంకెతో లెక్క కడితే గ్రూపు నంబర్ 25 దాటి ఎక్కడికో పోతుంది, కెర్నల్ ఆ పక్కనున్న మెమరీలో చదవడం, రాయడం మొదలుపెడుతుంది. స్టేబుల్ కెర్నల్ 6.2.13తో సరిచేశారు, అది కూడా రెండు వైపులకీ ఒకే హద్దు పెట్టే చిన్న మార్పే.

"మేము వాడట్లేదు" అన్నది ఇక్కడ పనికిరాదు. మామూలు యూజర్ కూడా కొత్త యూజర్ నేమ్‌స్పేస్ (తనకంటూ వేరుగా ఉండే చోటు) తెరిస్తే అందులో తనే రూట్, నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే నెట్ అడ్మిన్ అధికారం వచ్చేస్తుంది, ఆ లోపల నుంచి క్యూఎఫ్‌క్యూ కావాలని అడిగితే మాడ్యూల్‌ని కెర్నలే లోడ్ చేసి ఇస్తుంది. నా మాట నమ్మక్కర్లేదు, ఒక స్టూడెంట్ లాగిన్‌లోంచి అన్‌షేర్ కమాండ్‌తో యూజర్, నెట్ నేమ్‌స్పేసులు తెరిచి లూప్‌బ్యాక్ మీద మామూలుగా క్యూఎఫ్‌క్యూ పెట్టి, బయటకొచ్చి ఎల్‌ఎస్‌మాడ్ చూడండి. ఉత్తగా పెట్టినందువల్ల ఏమీ పాడవదు.

చిత్తూరు_కేబుల్‌నెట్:
మాది రివర్స్ కేసు. చిత్తూరులో చిన్న నెట్ కనెక్షన్ల వ్యాపారం, లైనక్స్ బాక్స్‌లో హెచ్‌టీబీ, దాని కింద ఎఫ్‌క్యూ కోడెల్ అనే షెడ్యూలింగ్ పద్ధతులు పెట్టి కస్టమర్లకి స్పీడ్ పంచుతాం, అంటే టీసీ లేకపోతే మా పని నడవదు. ఇది చదివి టెన్షన్ వచ్చింది. కస్టమర్ పంపే ప్యాకెట్‌తో ఎవడైనా లోపలికి రాగలడా?

చంద్రగిరి_కెర్నల్:
రాలేడండీ. ఇది ప్యాకెట్‌తో వచ్చే దాడి కాదు, ఆ మెషీన్ మీద ముందే కోడ్ నడపగలిగినవాడు రూట్ అయ్యే దారి. మీ బాక్స్‌లో మీరు తప్ప ఎవరికీ లాగిన్ లేకపోతే, వేరే సర్వీసులు కూడా దాని మీద పెట్టకపోతే, తీరిగ్గా రాత్రి పూట అప్‌డేట్ చేసుకోండి. టీసీ అస్సలు ముట్టని ల్యాబ్ సర్వర్‌కే తొందర ఎక్కువ, ఎందుకంటే అక్కడ వందమందికి షెల్ (కమాండ్లు కొట్టే వీలు) ఉంది.

రేణిగుంట_ఆప్స్:
ఒక్క క్యూఎఫ్‌క్యూతో ఆగిపోవద్దు. అదే ఏడాది టీసీ వైపు ఇలాంటి లోపాలు వరసగా వచ్చాయి. సీవీఈ-2023-3776లో ఎఫ్‌డబ్ల్యూ ఫిల్టర్ (ప్యాకెట్లని క్లాసులకి పంచేది) మధ్యలో ఎర్రర్ వచ్చి వెనక్కి తిరిగితే రిఫరెన్స్ లెక్క (ఒక వస్తువుని ఎన్ని చోట్ల వాడుతున్నారన్న లెక్క) తప్పేది, ఆ లెక్కని సున్నాకి దింపితే ఇంకా వాడుకలో ఉన్న వస్తువునే ఫ్రీ చేసేసేది. టీసీఇండెక్స్ అనే మరో ఫిల్టర్‌లో సీవీఈ-2023-1829 వచ్చాక దాన్ని బాగుచేయడం మానేసి కెర్నల్ నుంచే తీసేశారు, 6.3లో సీబీక్యూ అనే పాత షెడ్యూలర్ కూడా పోయింది. నాకైతే అది చాలా మంచి నిర్ణయం అనిపించింది, ఎవరూ వాడని పాత కోడ్‌ని అందరి మెషీన్లూ మోయడం ఎందుకు?

రీబూట్ దాకా ఆగాలంటే అన్‌ప్రివిలేజ్డ్ యూజర్ నేమ్‌స్పేస్ సిస్‌సీటీఎల్‌ని (కెర్నల్ సెట్టింగ్) 0 చేయండి, ఉబుంటులో వెంటనే పనిచేస్తుంది. పిల్లలు రూట్‌లెస్ పాడ్‌మ్యాన్ (రూట్ అధికారం లేకుండా కంటైనర్లు నడిపే టూల్) వాడుతుంటే అది ఆగిపోతుంది, ముందే చెప్పి చేయండి. మాడ్యూల్ ఆపాలంటే మోడ్‌ప్రోబ్ (మాడ్యూళ్ళు లోడ్ చేసే టూల్) ఫైల్‌లో ఉత్త బ్లాక్‌లిస్ట్ లైన్ నమ్మొద్దు, నేరుగా పేరుతో అడిగితే అది అడ్డుకోదు, ఇన్‌స్టాల్ లైన్ రాసి బిన్ ఫాల్స్‌కి (ఏమీ చేయకుండా విఫలమయ్యే కమాండ్) తిప్పండి. ఉబుంటు 24.04కి వెళ్తే యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ ఈ నేమ్‌స్పేసుల్ని కొంత కట్టడి చేస్తుంది, కానీ దాన్ని దాటే దారులు 2025లో క్వాలిస్ అనే సెక్యూరిటీ సంస్థ వాళ్ళు చూపించారు, కాబట్టి ప్యాచ్ మాత్రం తప్పదు.

అలిపిరి_ల్యాబ్:
స్టూడెంట్ లాగిన్‌లో చేసి చూశాను. సుడో లేదు, పాస్‌వర్డ్ అడగలేదు, ఐడీ కొడితే 0, అంటే రూట్. బయటకొచ్చి చూస్తే క్యూఎఫ్‌క్యూ మాడ్యూల్ లోడ్ అయి కూర్చుంది. నడుస్తున్న కెర్నల్ కూడా పాతదే. సిస్‌సీటీఎల్ ఇప్పుడే 0 చేశాను, మళ్ళీ అన్‌షేర్ కొడితే పర్మిషన్ లేదంటోంది. హెచ్‌వోడీ గారికి ఇదే స్క్రీన్ చూపించాను, ఆదివారం పొద్దున రీబూట్‌కి ఒప్పుకున్నారు. పాడ్‌మ్యాన్ వాడే ఫైనలియర్ పిల్లలకి గ్రూపులో మెసేజ్ పెట్టాను.