అప్‌డేట్: ఆ లోకల్ జార్ గొడవ తీరింది

పోయిన వారం అడిగినాను కదా, తిరుపతిలో ఒక లాడ్జి బిల్లింగ్ ప్రాజెక్టు గురించి. ప్రింటర్ కోసం ఇచ్చిన జార్ (జావా కోడ్ మూటకట్టిన ఫైల్) నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది, కౌంటర్ కంప్యూటర్‌లో మాత్రం 'నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్' (కావాల్సిన కోడ్ దొరకలేదు) అంటుందని.

తప్పు నాదే. మేవెన్ (జావా ప్రాజెక్టుల్ని బిల్డ్ చేసే టూల్) చదివే పామ్ ఫైల్లో ఆ జార్ స్కోప్ 'సిస్టమ్' (అంటే జార్ ఈ కంప్యూటర్‌లోనే ఉంది) అని పెట్టి నా డి డ్రైవ్ దారి రాసినా. మేవెన్ కంపైల్‌కి దాన్ని వాడుకుంటుంది గానీ, చివరి ప్యాకేజీలోకి చేర్చదు.

ముందు ఇన్‌స్టాల్-ఫైల్ కమాండ్‌తో గ్రూప్ ఐడీ, ఆర్టిఫాక్ట్ ఐడీ, వెర్షన్ (జార్‌ని గుర్తుపట్టే వివరాలు) ఇచ్చి ఎక్కించి, పామ్‌లో మామూలు డిపెండెన్సీలా (ప్రాజెక్టుకి కావాల్సిన బయటి కోడ్‌లా) రాసినా. బిల్డ్ అయింది. ఆ సంబరం ఒక్క పూటే! అది నా హోమ్ ఫోల్డర్లోని డాట్ ఎం2 (మేవెన్ జార్లు దాచుకునే ఫోల్డర్) లోకి మాత్రమే పోతుందంట. చిత్తూరులో మా తమ్ముడు గిట్ (మేం కోడ్ పంచుకునే చోటు) నుంచి దించుకుని బిల్డ్ కొడితే జార్ దొరకలేదని ఎర్రర్.

చివరికి ప్రాజెక్టులోనే 'లిబ్స్' ఫోల్డర్ పెట్టి, డిప్లాయ్-ఫైల్‌తో జార్ అందులో వేసి, పామ్‌లో దాన్నే రిపాజిటరీగా (మేవెన్ జార్లు వెతికే చోటుగా) చూపించినా. ఫోల్డర్ కూడా గిట్‌లోకే. కొత్త జార్ వస్తే వెర్షన్ నంబర్ మార్చాల్సిందే, లేకుంటే డాట్ ఎం2లోని పాతదే పట్టుకుని కూర్చుంటుంది. ఇది తెలిసేసరికి రెండు టీలు, ఒక రాత్రి నిద్ర పోయినాయి.

నిన్న కౌంటర్‌లో మొదటి బిల్లు వచ్చింది. జీఎస్టీ గీత కొంచెం వంకరగా ఉంది, అది వేరే కథ.