ఎస్సై కావాలంటే ఫోరెన్సిక్ డిగ్రీ చదవాలా, మామూలు డిగ్రీ చాలా?

నల్గొండ పిల్ల

అందరికీ నమస్తే. మాది నల్గొండ పక్కన పల్లెటూరు. ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో వచ్చిన మార్కులకు సీటు రాదు, లాంగ్‌టర్మ్ పేరుతో నాన్నతో మళ్లీ డబ్బు కట్టించడం నాకిష్టం లేదు. ఆయన ఆటో నడుపుతాడు.

నాకు పోలీసు ఉద్యోగం చేయాలనుంది. కానిస్టేబుల్ కాదు, ఎస్సై. మొన్న హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఫోన్ చేసి, బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో చేరితే పోలీసు డిపార్ట్‌మెంట్‌లో డైరెక్ట్ ప్లేస్‌మెంట్ అన్నారు. హాస్టల్‌తో కలిపితే ఏడాదికి లక్ష దాటుతోంది. మా మేనమామేమో ఇక్కడే గవర్నమెంటు కాలేజీలో బీఏ చేరి కోచింగ్‌కి పో అంటాడు. ఫ్రెండు వాళ్ల అక్క క్రిమినాలజీ (నేరాలు, నేరస్తుల మీద చదువు) అంటుంది, ఇంకొకాయన లా చదవమంటాడు. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. నా ఎత్తు 154 సెంటీమీటర్లు, సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

అశోక్‌నగర్ అభ్యర్థి

చెల్లీ, ఎత్తు సరిపోతుంది. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో మహిళలకు 152.5 సెం.మీ. అడిగారు. చదువు ఏదైనా డిగ్రీ చాలు, ఫోరెన్సిక్‌కో క్రిమినాలజీకో విడిగా మార్కులేం కలపరు. వయసు మాత్రం 21 నిండాలి, అంటే డిగ్రీ అయ్యేలోపు నీకు తొందరేం లేదు.

ముందు ప్రిలిమ్స్, 200 ప్రశ్నలు, 3 గంటలు. సగం అరిథ్‌మెటిక్, రీజనింగ్, సగం జనరల్ స్టడీస్. తప్పు రాస్తే మార్కులు కోస్తారు. తర్వాత ఈవెంట్స్. అదే 2022 నోటిఫికేషన్‌లో అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. ఆ తర్వాత మెయిన్స్. బైపీసీ వాళ్లందరినీ అరిథ్‌మెటిక్కే ముంచుతుంది, నన్నూ అదే ముంచుతోంది. ఇప్పటినుంచే రోజుకో గంట పెట్టు.

మాజీ సీఐ

తల్లీ, ముందు ఆ ఫోన్ సంగతి తేలుద్దాం. పోలీసు శాఖలో డైరెక్ట్ ప్లేస్‌మెంట్ అనేదే లేదు. కానిస్టేబులైనా, ఎస్సై అయినా రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ ఇవ్వాలి, పరీక్ష రాయాలి, పరుగెత్తాలి. ఏ ప్రిన్సిపాలూ నీ పేరు ఎస్పీ గారికి సిఫార్సు చేయడు, చేసినా ఆయన పెట్టుకోలేడు. ఈసారి ఫోన్ వస్తే ఒక్కటే అడుగు: "మీ దగ్గర చదివి ఎస్సై అయినవాళ్లు ఏ బ్యాచ్, ఏ జిల్లా?" ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేయరు.

నేను బీకాం చదివి ఎస్సైగా వచ్చాను. నాతోపాటు సెలక్టయిన వాళ్లలో ఎమ్మే తెలుగు ఉన్నాడు, ఇంజినీర్లున్నారు, బీఈడీ చేసి టీచరు పోస్టు రాక వచ్చినాయన ఉన్నాడు. ట్రైనింగ్‌కి పోయాక అందరికీ ఒకే పాఠం. తెల్లారుజామున గ్రౌండు, తర్వాత చట్టాలు, దర్యాప్తు, ఫోరెన్సిక్, ఫైరింగ్. మూడేళ్లు లక్షలు పోసి చదివినదాన్ని గవర్నమెంటు నీకు జీతమిచ్చి మళ్లీ మొదటినుంచి నేర్పిస్తుంది.

సినిమాలో ఎస్సై జీపు దిగుతాడు. స్టేషన్‌లో ఎస్సై కూర్చుని రాస్తాడు. జనరల్ డైరీ, ఎఫ్ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, పంచనామా, కేస్ డైరీ, రిమాండ్ రిపోర్టు, ఛార్జిషీటు. పట్టుకున్నవాణ్ని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఉరిశిక్షో, యావజ్జీవమో, పదేళ్లో అంతకు పైనో పడే కేసైతే 90 రోజుల్లో, మిగతా వాటిలో 60 రోజుల్లో ఛార్జిషీటు పడాలి. పడకపోతే లోపలున్నవాడు బెయిలు హక్కుగా అడిగి తీసుకుంటాడు. ఈలోపు బందోబస్తులు, జాతరలు, మంత్రిగారి పర్యటనలు. రాత్రి పదకొండుకి వచ్చి కేస్ డైరీ ముందేసుకునే ఓపిక ఉంటే రా. పరుగు ఎవరైనా నేర్చుకుంటారు.

రాతలో ఎక్కడ దెబ్బ తింటామో ఒకటి చెప్తాను. హైవే మీద గంజాయి బండి పట్టుకున్నారనుకో. ఉదయం ఎనిమిదికి అక్కడికక్కడే మధ్యవర్తుల (సాక్షులుగా పిలిచిన బయటివాళ్ల) ఎదుట పంచనామా రాస్తారు. స్టేషన్‌కొచ్చి పదింటికి కేసు కడతారు, అప్పుడే క్రైం నంబరు పుడుతుంది. ఎనిమిదింటి పంచనామా పైన ఆ నంబరు వేసి ఉందనుకో, రెండేళ్ల తర్వాత బోనులో నిలబెట్టి డిఫెన్సు లాయరు మెల్లగా అడుగుతాడు: "సార్, పుట్టని నంబరు మీకెలా తెలిసింది?" పంచనామా రోడ్డు మీద కాదు, స్టేషన్‌లో కూర్చుని రాసుకున్నారని తేల్చేస్తాడు. మధ్యవర్తులు అప్పటికే "సంతకం పెట్టమంటే పెట్టాం" అనేసి ఉంటారు. ఇలా పోయిన కేసులను నేను చాలా చూశాను. గంజాయి నిజం, బండి నిజం, కేసు మాత్రం లేదు.

ఆడపిల్లవు కాబట్టి ఇంకోటి కూడా తెలుసుకో. అత్యాచారం, లైంగిక వేధింపుల కేసుల్లో బాధితురాలు చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలి, చట్టమే అలా ఉంది. మహిళా ఎస్సైలు తక్కువున్న చోట పక్క స్టేషన్ నుంచి కూడా అర్ధరాత్రి పిలుపొస్తుంది. ఆ అమ్మాయి ముందు కూర్చుని, ఏడుపు ఆగేదాకా ఆగి, ఆమె మాటల్లోనే రాయాలి. మన లా భాషలోకి మార్చావో, కోర్టులో "ఈ మాట నేననలేదు" అంటుంది, అది నిజమే అవుతుంది. అందుకే డిగ్రీ ఏదైనా సరే, తెలుగు రాత బాగుచేసుకో. రోజూ పేపర్లో ఒక వార్త తీసుకుని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ఎదుట అన్నది పది వాక్యాల్లో రాయి. ఇంగ్లిషులో కూడా.

పాత పుస్తకాలు కొనకు. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ, దర్యాప్తు పద్ధతి చెప్పే సీఆర్పీసీ, సాక్ష్యాల సంగతి చెప్పే ఎవిడెన్స్ యాక్టు పోయి, వాటి స్థానంలో వరసగా బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్, బీఎస్ఏ వచ్చాయి. హత్యకు సెక్షన్ 302 పోయి 103 అయింది, మోసానికి 420 పోయి 318 అయింది. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో అరవై రూపాయలకు అమ్ముతున్న గైడ్లలో చాలావరకు పాతవే.

క్రిమినాలజీ చెడ్డ చదువేం కాదు. మద్రాసు యూనివర్సిటీలో దానికి పాత డిపార్ట్‌మెంటే ఉంది. పరిశోధన, జైళ్ల సంస్కరణ, బాలనేరస్తులతో పని, ఇలాంటివాటి మీద మనసుంటే పీజీలో చెయ్యి. ఎస్సై పోస్టు కోసమైతే అనవసరం.

ల్యాబ్ కోటు

సార్ చెప్పింది నిజమే గానీ, ఫోరెన్సిక్‌ని మరీ అంత తీసిపారేయొద్దు. నేను ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ చేశాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో కాంట్రాక్టు మీద టాక్సికాలజీలో, అంటే విషాలు పరీక్షించే విభాగంలో ఉన్నాను.

చెల్లెమ్మా, ముందు ఒకటి ఆలోచించు. నీకు కావాల్సింది ఖాకీనా, లేక నేరం ఎలా జరిగిందో కనిపెట్టడమా? ల్యాబ్‌లో ఖాకీ ఉండదు. మా బల్ల మీద ఉండేవి సీసాలు. పురుగుమందు తాగి చనిపోయినవాళ్ల కడుపు, కాలేయం ముక్కలు ఉప్పునీళ్లలో వేసి పంపిస్తారు. మూత తీయగానే వచ్చే ఆ వాసన ఇంటికెళ్లి స్నానం చేసినా ముక్కులో ఉన్నట్టే ఉంటుంది. దాన్ని వడకట్టి, మందు వేరుచేసి, గాజు పలక మీద చుక్క పెట్టి, అది ఎంత ఎత్తుకు పాకిందో చూస్తాం. తర్వాత మెషీన్ మీద నిర్ధారణ. రిపోర్టు రాస్తాం, కోర్టు సమన్లు వస్తే వెళ్లి చెప్తాం. నాకు ఈ పని ఇష్టం. ఇందులో ఛేజింగులు ఉండవు.

స్టేషన్ల వాళ్ల మీద ఒక చిన్న ఫిర్యాదు, సీఐ గారు ఏమీ అనుకోవద్దు. రక్తమంటిన చొక్కాను పాలిథిన్ కవర్లో మూటకట్టి పంపిస్తారు. లోపల చెమ్మకు కుళ్లి, డీఎన్ఏ పాడైపోతుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. రేపు నువ్వు ఎస్సై అయితే ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా మా ల్యాబ్ వాళ్లు నీకు స్వీట్లు పంపిస్తారు.

ఇక చదువు సంగతి. ల్యాబ్ పోస్టులకు కెమిస్ట్రీ, బయాలజీ పీజీలు కూడా మనతో పోటీకి వస్తారు. కాబట్టి డిగ్రీలోనే ఫోరెన్సిక్ అని పేరుండాల్సిన పని లేదు. గవర్నమెంటు కాలేజీలో బీఎస్సీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చెయ్యి. మూడేళ్లయ్యాక ఎస్సై పరీక్షకు అర్హత ఎలాగూ వస్తుంది. మనసు ల్యాబ్ వైపు పోతే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాకో, వాళ్ల ప్రవేశ పరీక్ష రాసి గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీకో పోవచ్చు. కొత్త చట్టంలో ఏడేళ్లు, అంతకు పైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్పాట్‌కి వెళ్లడం తప్పనిసరి చేశారు. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్లు గడువిచ్చారు. పోస్టులు పెరగాలి మరి. పెరుగుతాయన్న ఆశతో మీ నాన్న చేత అప్పు మాత్రం చేయించకు.

ప్రైవేటులోనే చేరక తప్పదనుకుంటే, చేరే ముందు ఒకరోజు వెళ్లి ల్యాబ్ చూపించమను. ఒక మైక్రోస్కోపు, గోడ మీద వేలిముద్రల ఫ్లెక్సీ చూపించి ఇదే ల్యాబ్ అంటే బ్యాగు సర్దుకుని వచ్చెయ్.

బషీర్‌బాగ్ వకీలు

లా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు, రెండింటికీ ప్రవేశ పరీక్ష లాసెట్టే. ఎల్ఎల్‌బీ చేసి మూడేళ్లు ప్రాక్టీసు ఉంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు రాయొచ్చు. తెలంగాణలో దానికీ పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డే నోటిఫికేషన్ ఇస్తుంది. ఎస్సై గారు కట్టిన కేసు కోర్టులో నిలబెట్టేది మేమే, ఆ పుట్టని క్రైం నంబరుకు సమాధానం వెతుక్కునేదీ మేమే. ఇప్పుడే నిర్ణయించుకోనక్కర్లేదు, డిగ్రీ అయ్యాక కూడా ఈ తలుపు తెరిచే ఉంటుంది.

ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. నల్గొండ జిల్లా కోర్టుకు వెళ్లి సెషన్స్ హాల్లో వెనక బెంచీలో కూర్చో. కోర్టు అందరికీ తెరిచే ఉంటుంది, పాస్ అక్కర్లేదు. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు) లాంటి కేసులు తలుపులు మూసి జరుగుతాయి, వాటికి రానివ్వరు. ఫోన్ సైలెంట్‌లో పెట్టు, జడ్జి గారు వస్తే లేచి నిలబడు, అంతే. దర్యాప్తు అధికారిని డిఫెన్సు లాయరు క్రాస్ చేసే, అంటే ఎదురు ప్రశ్నలు వేసే రోజు దొరికితే అదృష్టం. ఎప్పుడుందో అక్కడి కోర్టు కానిస్టేబుల్‌ని అడిగితే చెప్తాడు.

నల్గొండ పిల్ల

అందరికీ థాంక్స్. నాన్నకు అన్నీ చదివి వినిపించాను. నల్గొండలోని గవర్నమెంటు ఎన్‌జీ కాలేజీలో బీజడ్‌సీ మొదటి ఆప్షన్‌గా పెట్టాను. కోర్టుకు సోమవారం వెళ్తున్నాను, నాన్న దింపుతానన్నాడు. సీఐ సార్, ఇంకొక్క డౌటు. రాత్రి డ్యూటీలు, బదిలీలు ఉంటాయని మా అమ్మ ఒప్పుకోవట్లేదు. ఏం చెప్పాలి?

మాజీ సీఐ

అమ్మకు అబద్ధం చెప్పకు. రాత్రి డ్యూటీలు ఉంటాయి, బదిలీలూ ఉంటాయి, పండగ రోజు ఇంట్లో ఉండవు. మా ఇంట్లో దసరాకు నన్ను లెక్కలో వేసుకోవడమే మానేశారు. దగ్గర్లో తెలిసిన మహిళా ఎస్సై ఎవరైనా ఉంటే అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి మాట్లాడించు. నా మాట కన్నా ఆమె మాట నమ్ముతుంది. స్టేషన్లలో పనిచేసే సివిల్ పోలీసు పోస్టుల్లో మహిళలకు 33 శాతం రిజర్వేషన్ ఉందని, నీ పోటీ ప్రధానంగా అమ్మాయిలతోనే అని కూడా చెప్పు.

అన్నట్టు, సోమవారం ఉదయం పదిన్నరకల్లా కోర్టులో ఉండు. మధ్యాహ్నం వెళ్తే వాయిదాలే వినబడతాయి.

అశోక్‌నగర్ అభ్యర్థి

చెల్లీ, బోర్డు సైట్‌లో 2022 నోటిఫికేషన్ పీడీఎఫ్ దొరికితే దింపుకో. సిలబస్, ఈవెంట్స్ పట్టిక అందులోనే ఉంటాయి. కొత్త నోటిఫికేషన్ వచ్చాక మారినవేంటో పోల్చి చూసుకో. అరిథ్‌మెటిక్‌లో శాతాలు, నిష్పత్తులు, కాలం-పని ముందు మొదలుపెట్టు. రన్నింగ్ కాలేజీ గ్రౌండులోనే చెయ్యి, తారు రోడ్డు మీద వద్దు. నాకు రోడ్డు మీద పరుగెత్తే మోకాలు పట్టేసింది.